పదకొండో నంబరు గిన్నె

మా పాత కీబోర్డులో పదకొండో నంబరు నొక్కితే వచ్చే శబ్దానికి మా ఆర్కెస్ట్రాలో గిన్నె అని పేరు. పెట్టె మీద దానికి ఇంగ్లీషులో ఏదో పేరుండేది, పియానో అన్న మాట కూడా అందులో ఉండేది. కానీ పియానోకూ దానికీ పెద్ద చుట్టరికం లేదు. మెల్లగా తాకితే కంచు గిన్నె అంచును వేలి కణుపుతో తట్టినట్టు పలికేది. గట్టిగా కొడితే అదే గిన్నెలో ఎవరో గాజు గోలీ వేసినట్టు ఖంగుమనేది. ఎనభైల్లో జపానువాళ్లు చేసిన పెట్టె అది. మా మాస్టరు దాన్ని బెంగళూరులో ఎవరి దగ్గరో పాతదే కొని, పెనుకొండ దాకా రైల్లో చంటిబిడ్డలా ఒళ్లో పడుకోబెట్టుకుని తెచ్చారట.

నేను తొంభైల నడుమ ఆ ట్రూపులో చేరాను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఈ మూడూళ్ల మధ్య రైలు దారి ఎంత పొడవో మా సంగీత ప్రపంచం అంత పొడవు. పెళ్లి రిసెప్షన్లు, గృహప్రవేశాలు, వినాయక చవితి పందిళ్లు. మాస్టరుది పెనుకొండ. పగలు హార్మోనియం నేర్పేవారు, సాయంత్రాలు ట్రూపు నడిపేవారు. ముఖ్యమైన పాటలన్నీ పాడే అక్కది ధర్మవరం. మగ్గాల ఇంటి మనిషి. పొద్దున్నంతా పట్టు కండెలు చుట్టి, సాయంత్రం అదే చేత్తో మైకు పట్టుకునేది. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. మాస్టరు ఆమెను అమ్మా అనేవారు, మిగిలిన మా అందరికీ అక్కే.

మా ట్రూపుకు ఒక పద్ధతి ఉండేది. వేరేవాళ్లు డ్రమ్ములు దద్దరిల్లేలా మొదలుపెడతారు. మేము అట్లా కాదు. అక్క ఒక్కతే మైకు ముందుకొచ్చి, శ్రుతిపెట్టె లేకుండా, వెనక ఏ వాద్యమూ లేకుండా, ప్రార్థన పాట మొదటి పాదం పాడుతుంది. పాదం ముగిసే చోట నేను గిన్నెను ఒక్కసారి కొడతాను. గొంతు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే గిన్నె మోగుతుంది. లడ్డూ తింటున్న మనిషి కూడా తల ఎత్తి చూస్తాడు. ముందు గొంతు, తర్వాత గిన్నె. మాస్టరు కనిపెట్టిన కిటుకు అది. నేనున్న అన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. ఎట్లా తప్పదో నేనెప్పుడూ అడగలేదు. సరుకు బాగా అమ్ముడుపోతున్నప్పుడు ఎందుకు అమ్ముడుపోతోందని మా వీధిలో ఎవరూ అడగరు.

మా వీధి అంటే హిందూపురం బజారు. మాది మ్యాచింగ్ సెంటరు. చీర పట్టుకొస్తే దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ ఇచ్చే అంగడి. ఎదురింట్లో స్టీలు సామాను, పక్కింట్లో కిరాణా, వెనక బెల్లం మండీ. అక్కడ పిల్లలు నడక కంటే ముందు బేరం నేర్చుకుంటారు. నేను మరీ ముందే నేర్చుకున్నానని మా అవ్వ చెప్పేది. పాలసీసా ఇస్తే నోరు తిప్పుకుని, ఇంకేమిస్తారో చూసి తాగేవాణ్ణట.

రెండువేల మూడో నాలుగో వచ్చేసరికి పాత కీబోర్డు ముసలిదైంది. మూడు కీలు నొక్కితే లేవవు. తెర మీద అక్షరాలు వెలిసిపోయాయి. బరువు మాత్రం తగ్గలేదు. ఒకరోజు మాస్టరు అన్నారు: "నువ్వు బేరగాడివి కదప్పా. దీన్ని ఇచ్చేసి కొత్తది మార్చుకోని రాపో."

ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానంటే, రైల్లో కూర్చోలేక తలుపు దగ్గర నిలబడే వెళ్లాను.

బెంగళూరు అంగట్లో ఆ రోజు నేను చూపించిన ప్రతిభ గురించి చాలా ఏళ్లు చెప్పుకుని తిరిగాను. లేవని మూడు కీల మీద మోచెయ్యి ఆనించుకుని మాట్లాడాను. రెండుసార్లు లేచి వెళ్లిపోయాను, రెండుసార్లూ పిలిపించుకున్నాను. కొత్తదానికి సంచి అడిగాను, ఇచ్చాడు. కాలితో తొక్కే పెడలు అడిగాను, ఇచ్చాడు. అప్పుడు ఆ అంగడాయన ఒక మాటన్నాడు.

"పాతదాంట్లో మీకు ఇష్టమైన సౌండ్లు నాలుగైదు క్యాసెట్లో ఎక్కించి ఇస్తాను సార్. దీన్ని ఇచ్చేసి పోయినోళ్లంతా మళ్లీ వచ్చి ఆ సౌండు ఎట్లుండేదో గుర్తు లేదంటారు."

దీని వెనక ఏదో అదనపు వసూలు ఉందని నా రక్తం చెప్పింది. "క్యాసెట్టు మాకొద్దప్పా," అన్నాను. "దాని బదులు ఆ స్టాండు ఇచ్చెయ్."

"స్టాండు వేరే సార్."

"క్యాసెట్టు నీకి మిగిలె కదా."

ఆయన నన్ను కాసేపు చూసి నవ్వాడు. స్టాండు ఇచ్చాడు. ఆ నవ్వును నేను ఓటమి అనుకున్నాను. రెండు కీబోర్డులూ ఆ బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. రెంటి మీదా చెరొక వేలు పెట్టి ఒక్కసారి నొక్కి ఉంటే ఈ కథే ఉండేది కాదు. నా రెండు చేతులూ బేరంలో ఉన్నాయి.

కొత్తదానితో మొదటి ప్రోగ్రాం హిందూపురంలోనే, ఒక రిసెప్షను. కొత్తదాంట్లో వందల శబ్దాలు. అసలైన పియానో, అసలైన వేణువు, వాన, గుర్రపు డెక్కలు. ఎలక్ట్రిక్ పియానో అని రాసినవే తొమ్మిది. మొదటిది పెట్టుకుని కూర్చున్నాను. అక్క పాదం అందుకుంది. ముగిసింది. నేను కొట్టాను.

చొక్కా బొత్తాం ఒక కాజా తప్పి పెట్టుకున్నట్టయింది. గొంతు కింద, గిన్నె పైన. ఎంతో కాదు, వెంట్రుకంత. కానీ నిశ్శబ్దంలో వెంట్రుక కూడా కనబడుతుంది. అక్క మెడ నావైపు తిరిగింది. రెండో పాదంలో గొంతు పైకి జరుపుకుంది కానీ, బెదిరిన గొంతు పాట చివరిదాకా కుదురుకోలేదు.

భోజనాల దగ్గర నా విస్తరి పక్కకు వచ్చి కూర్చుంది.

"ఏమబ్బా, గిన్నె యాడ పాయె?"

"ఉండాదక్కా. దీంట్లోనే యాడో ఉండాది, ఎతకాల."

"ఎతుకు మల్ల. ఆ సద్దు లేకుంటే నాకి దోవ తెలీడంల్యా."

ఉండాది అనడం నా నోటి అలవాటు. మా వీధిలో కొనడానికి వచ్చిన మనిషికి లేదు అని చెప్పరు. ఉండాది కూర్చోండి అని చెప్పి, వెనక తలుపులోంచి పక్క అంగడికి మనిషిని పంపి తెప్పిస్తారు. కీబోర్డుకు వెనక తలుపు ఉండదు కదా. ఆ సంగతి నాకు అన్నం దగ్గరే తట్టింది. మాస్టరు కూడా అడిగారు. ఆయనకూ ఉండాదనే చెప్పాను.

రెండో ప్రోగ్రాం పెనుకొండలో. ఈసారి తొమ్మిదింటిలో అయిదోది పెట్టాను. కాస్త గిన్నెలాగానే ఉందనిపించింది. అక్క పాడింది, నేను కొట్టాను, మళ్లీ అదే వెంట్రుక. అది మాస్టరు సొంత ఊరు. ముందు వరసలో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు కూర్చున్నారు. ప్రోగ్రాం అయ్యాక వైర్లు చుడుతున్నప్పుడు, అందరూ వింటుండగా అన్నారు: "గొంతు కిందికి జారతాండాదమ్మా. నువ్వు మాత్రం ఏం చేస్తావులే, వయసు."

అక్క మైకు వైరు చుట్టడం ఆపి, విప్పి, మళ్లీ మొదటినుంచి చుట్టింది.

తర్వాత మాస్టరు నన్ను పక్కకు పిలిచారు. "ధర్మవరంది ఒప్పుకున్నాం కదా, అది కానీ. ఆ తర్వాత కదిరినించి ఒక పాపను పిలిపిస్తాండా. బాగా పాడతాదంట."

"సరే మాస్టరూ," అన్నాను. 

పెనుకొండ స్టేషనులో అక్కా నేనూ చెరొక వైపు రైలు కోసం నిలబడ్డాం. ఆమె చేతిలో చిన్న ఫ్లాస్కు ఉంది.

"మిరియాల కషాయం," అంది. "అన్నేండ్లు తప్పని గొంతు ఇప్పుడేల తప్పాలబ్బా? ఈసారి ప్రోగ్రాం మా వీధోళ్ల ఇంట్లో. నేను కండెలు చుట్టిచ్చేటోళ్లంతా వస్తారు. వాళ్ల ముందర కూడా తప్పిందనుకో, మాస్టరు చెప్పేదాకా ఉండను. నేనే మానుకుంటా."

ఆమె రైలు ముందు వచ్చింది. నేను ప్లాట్‌ఫారం ఈ చివరినుంచి ఆ చివరికి ఎన్నిసార్లు నడిచానో తెలియదు. టీ కొన్నాను, తాగలేదు. పాత పెట్టెను అమ్మింది నేను. గిన్నె ఉండాదని చెప్పింది నేను. గొంతు జారిందన్న మాట పడింది ఆమె. ధర్మవరానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది.

మరుసటి రోజునుంచి మా అంగడి మిద్దె మీద, గుడ్డల అట్టపెట్టెల మధ్య కీబోర్డు పెట్టుకుని కూర్చున్నాను. బెంగళూరునుంచి గెలుచుకొచ్చిన స్టాండు ఒకవైపుకు వంగి ఉండేది. దాని కాలికింద అట్టముక్క మడిచి పెట్టాను.

అసలు కష్టం ఎక్కడుందంటే, పాత పెట్టె ఏ వాద్యాన్నీ అనుకరించేది కాదు. దాని లోపల రెండు అలలుంటాయి. ఒకటి పలుకుతుంటే ఇంకొకటి దాన్ని కుదుపుతుంది. ఆ కుదుపులోంచి గిన్నె పుడుతుంది. వేలు గట్టిగా పడితే కుదుపు ఎక్కువ, మెల్లగా పడితే తక్కువ. కొత్తది అట్లా కాదు. దాంట్లో ఉన్నవన్నీ శబ్దాల ఫొటోలు. ఎవరో ఎక్కడో ఒక గిన్నెను కొడితే తీసిపెట్టిన ఫొటో. ఫొటోను ఎంత నొక్కినా నవ్వదు కదా. గంట శబ్దం తీసుకుని దాని తోక కత్తిరించాను. మెత్తని పియానో తీసుకుని దాని మొదటి దెబ్బకు పదును పెట్టాను. ఒక్కోసారి వచ్చేసిందనిపించి లేచి రెండడుగులు వేసేవాణ్ణి. తిరిగొచ్చి కొడితే ఐస్‌క్రీం బండి గంటలా ఉండేది.

నాలుగో రోజో అయిదో రోజో నాయన మిద్దెక్కి వచ్చాడు.

"ఏంరా, పొద్దున్నించీ ఒకే గంట కొడతాండావు. కింద గిరాకీ వచ్చినోళ్లు ఏ దేవుని గుడి అని అడుగుతాండారు."

సంగతి చెప్పాను. మెల్లగా కొడితే ఒక రంగు, గట్టిగా కొడితే ఒక రంగు అని చేతులు తిప్పి చూపించాను.

"రెండు వన్నెల పట్టు మాదిరి," అన్నాడు నాయన. "నీలం పడుగు, ఎరుపు పేక. ఇట్ల చూస్తే నీలం, అట్ల చూస్తే ఎరుపు. దానికి ఒక్క గుడ్డతో మ్యాచింగ్ యాడయితాదిరా? రెండు గుడ్డలు తీసుకో."

ఆ మాట నాకు పనికొచ్చింది. మెత్తనిది ఒకటి, గంటది ఒకటి, రెంటినీ ఒకదాని మీద ఒకటి పరిచి, గట్టిగా కొడితేనే గంట వినబడేట్టు చేయొచ్చు. నేను అప్పుడే తెర మీదికి వంగాను. నాయన కదల్లేదు.

"ఇంతకీ పాతది యాడుండాది?"

"అమ్మేస్తిమి కదా నాయనా."

"మరి దేనికి మ్యాచింగ్ చేస్తాండావు?"

"గుర్తుండాది."

చీర తేకుండా, రంగు గుర్తుందని అంగడికి వచ్చే ఆడవాళ్లను చూసే చూపు ఒకటుంది మా నాయనకు. చీర తెచ్చుకో తల్లీ అని చెప్పి పంపేస్తాడు, ఎంత బతిమాలినా గుడ్డ చింపడు. వెలుతురులో చీర పక్కన పెట్టి చూడకుండా ఏనాడూ గుడ్డ కోసింది లేదు. ఆ చూపు నా మీద పెట్టి, మెట్లు దిగిపోయాడు. ఇరవై ఏళ్లు ఆ అంగట్లో పెరిగి నేను చీర లేకుండా మ్యాచింగుకు కూర్చున్నాను.

వెంటనే ఎస్టీడీ బూత్‌కు పోయి బెంగళూరుకు ఫోను చేశాను.

"క్యాసెట్టు కావాలా సార్?" అన్నాడు అంగడాయన. మళ్లీ అదే నవ్వు. ఆ కీబోర్డు ఎప్పుడో అమ్ముడుపోయిందట. ఎక్కడికి అంటే, మా వైపుకే. అగళి దాటాక ఒక పల్లెలో చర్చివాళ్లు తీసుకుపోయారట. నేను బెంగళూరు దాకా మోసుకెళ్లి ఇచ్చిన పెట్టె నా వెనకే హిందూపురం మీదుగా తిరిగొచ్చి, నా అంగడి ముందునుంచే వెళ్లి ఉంటుంది.

కొత్త కీబోర్డును దుప్పట్లో చుట్టి బస్సెక్కాను.

"ఏం సార్ అది, తలుపా?" అన్నాడు కండక్టరు.

"తలుపే," అన్నాను. వాదించే ఓపిక లేదు.

చర్చి రేకుల కప్పుతో చిన్నదిగా, శుభ్రంగా ఉంది. పాస్టరుగారు తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడే మనిషి. నేను వచ్చిన పని చెప్పగానే ఆయన వెళ్లి కీబోర్డుకు అడ్డంగా నిలబడ్డారు.

"వెనక్కి అడిగేకి వస్తిరా? దుడ్లిచ్చి తీసుకున్నాము మేము."

"అడగనయ్యా. ఒక్క పూట పక్కన పెట్టుకుని వాయించుకుంటా."

ఆయన ఆలోచించారు. "అట్లయితే ఒక పని చేయండి. దీంట్లో మూడు కీలు లేవవు. అమ్మినోడు చెప్పలేదు. పెద్ద మోసగాడై ఉంటాడు."

"అయ్యుంటాడయ్యా," అన్నాను తల వంచుకుని.

ముందు ఆ మూడు కీలూ విప్పి, లోపల మా ట్రూపు ప్రయాణాల దుమ్మంతా తుడిచి, లేచేట్టు చేశాను. ఇప్పుడు లేచినందుకు నాకు ఇంకా సిగ్గేసింది. గంట పని. ఇన్నేళ్లలో ఎప్పుడైనా చేసుకుని ఉండొచ్చు.

తర్వాత కిటికీ దగ్గర రెండు కీబోర్డులూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. పదకొండో నంబరు నొక్కాను. గిన్నె మోగింది. చిన్నప్పుడు చదివిన బడిలోకి పెద్దయ్యాక అడుగుపెట్టినట్టు, నేను అనుకున్నంత పెద్దగా లేదు. కానీ అదే. ఎడమచేత్తో పాతది కొట్టి, కుడిచేత్తో కొత్తది కొట్టి, గంట తగ్గించి, మెత్తనిది పెంచి, తోక పొడుగు చేసి, మళ్లీ కత్తిరించి, మధ్యాహ్నం తిరిగేసరికి దగ్గరికొచ్చాను. పాస్టరుగారు బెంచీ మీద కూర్చుని వింటున్నారు.

"రెండూ ఒకసారే కొట్టండి చూద్దాం," అన్నారు ఆయన.

ఆ ఆలోచన నాకు రాలేదు. ఒకే స్వరం మీద రెంటినీ ఒకేసారి నొక్కాను.

శబ్దం నిలబడలేదు. ఉయ్యాల ఊగినట్టు లేచి పడి, లేచి పడి, వణికింది. కొత్తది చెడిపోయిందనుకున్నాను. ఇంకో స్వరం నొక్కాను. అదీ వణికింది. రెండు స్వరాలు వెంట్రుకంత తేడాలో ఉంటే వచ్చే వణుకు అది. పాతదాని తెర మీద అర్థం కాని పేజీలన్నీ తిప్పి, ట్యూనింగు పేజీ దాకా వెళ్లాను. అక్కడ సున్నా ఉండాల్సిన చోట సున్నా లేదు. పెట్టె మొత్తాన్నీ ఎవరో కొంచెం కిందికి దించి పెట్టారు. కొత్తదాన్ని కూడా అంతే దించుకుంటూ వచ్చాను. ఉయ్యాల నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది, ఆగిపోయింది.

దించిందెవరో నాకు తెలుసు. నేను చేరకముందు ట్రూపులో మాస్టరు హార్మోనియం కూడా ఉండేదని అందరూ చెప్పేవాళ్లు. కొన్ని పాత హార్మోనియాలు మామూలు శ్రుతికంటే కాస్త కిందికుంటాయి. దానికి సరిపోయేలా కీబోర్డును దించుకున్నారు. తర్వాత హార్మోనియం ఇంటికి పోయింది, కీబోర్డు అక్కడే ఉండిపోయింది. మా గిటారాయన ప్రతిసారీ నా కీబోర్డు వినే తీగలు బిగించుకునేవాడు, ఆయన పైకీ కిందికీ నాతోబాటే వచ్చేవాడు. తోడుగా వాద్యం ఉంటే ఏ గాయకుడైనా దాన్నే పట్టుకుపోతాడు. ఏ తోడూ లేకుండా పాట మొదలుపెట్టేది అక్క ఒక్కతే. అన్నేళ్లుగా ఆ శ్రుతి ఆమె గొంతులో మేకు కొట్టినట్టు కూర్చుంది. హిందూపురంలోనూ పెనుకొండలోనూ ఆమె గొంతు ఎప్పుడూ నిలబడే చోటే నిలబడింది. జరిగింది మేము.

నేను శబ్దం రంగు కోసం వెతుకుతూ కూర్చున్నాను. తేడా రంగులో లేదు.

ముందు సంతోషం వేసింది. బస్సు ఎక్కాక మిగతావి గుర్తొచ్చాయి. వయసు అని మాస్టరు అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. కదిరి పాప అన్నప్పుడు సరే అన్నాను.

ధర్మవరం దాకా మిగిలిన రోజులన్నీ ఒక చోట కూర్చోలేదు. అంగట్లో గుడ్డ కొలుస్తూ కొలుస్తూ మధ్యలో మిద్దెక్కేవాణ్ణి. ఎవరికీ చెప్పకుండా కొత్తదాన్ని దించేసి ఊరుకోవచ్చు. గిటారాయన ఎలాగూ నన్ను వినే బిగించుకుంటాడు. అక్క గొంతు సరిగ్గా కలుస్తుంది. కషాయం పనిచేసింది అంటారు మాస్టరు. నా బేరం మీద మచ్చ పడదు. అన్నివిధాలా లాభమే కనబడింది. అయినా ఫ్లాస్కు గుర్తొచ్చేది. తన గొంతు రెండుసార్లు తప్పిందని నమ్మిన మనిషి, మూడోసారి కలిసినంత మాత్రాన నాలుగోసారి ధైర్యంగా నోరు తెరుస్తుందా? ప్రతి పాదం చివరా మెడ తిప్పి నావైపు చూస్తూనే ఉంటుంది. ఒక పూట చెప్పాలనుకునేవాణ్ణి, మరో పూట వద్దనుకునేవాణ్ణి. నాయన రెండుసార్లు గుడ్డ తప్పు కొలిచానని తిట్టాడు.

ధర్మవరంలో కల్యాణ మంటపం పక్క గది మాకిచ్చారు. వంటవాళ్ల గుమ్మడికాయలు కూడా అందులోనే ఉన్నాయి. సాయంత్రం నాలుగైంది. అక్క మూలన కూర్చుని ఫ్లాస్కు మూత తిప్పుతోంది. మాస్టరు పాటల పట్టీ రాస్తున్నారు. అందులో అక్కకు రెండే పాటలు కనబడ్డాయి. ఇంక ఆగలేకపోయాను.

"అక్కా, నీ గొంతు తప్పలేదు," అన్నాను. తర్వాత అంతా చెప్పాను. చర్చి, ఉయ్యాల, ట్యూనింగు పేజీ. క్యాసెట్టు సంగతి కూడా దాచలేదు.

అక్క మూత తిప్పడం ఆపింది. "అంటే నేను తప్పల్యా?"

"లేదక్కా."

"రెండుసార్లూ?"

"రెండుసార్లూ."

మాస్టరు పెన్ను పెట్టేశారు. "నేనెప్పుడప్పా దించినా దాన్ని?"

"హార్మోనియం ఉన్నప్పుడు మాస్టరూ."

 "మా గురువుగారి హార్మోనియం అది," అన్నారు ఆయన. "కొంచెం కిందికే ఉండె."

అక్క నావైపు తిరిగింది. "క్యాసెట్టు వద్దని స్టాండు తెస్తివా? ఈ వంకర స్టాండా?"

"అదే అక్కా."

"అబ్బా, ఏం బేరగాడివిరా నువ్వు!" నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "దినామూ మిరియాలు తాగి తాగి కడుపు మండిపాయ. ఇంట్లో పిల్లోళ్లు నా పక్కన కూర్చుంటే దగ్గుతాండారు." ఫ్లాస్కు కిటికీలోంచి బయటికి వొంపేసింది. తర్వాత మాస్టరును చూడకుండానే, మామూలుగా అడిగింది: "కదిరి పాప ఎప్పుడొస్తాదంట?"

ఆమెకెవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. నేనైతే చెప్పలేదు. మాస్టరు గుమ్మడికాయల వైపు చూశారు.  గిటారాయన అవసరం లేకపోయినా తీగ తుడుచుకున్నాడు.

నేను కీబోర్డు స్విచ్చి వేశాను. "యాడ పెట్టమంటావక్కా? నీ పాత తావులోనా, లోకమంతా ఉండే తావులోనా?"

ఆమె ఆలోచించింది. "ఈ పొద్దు నా తావులో పెట్టు. బయట మా వీధోళ్లుండారు. లోకం తావుకి కావాలంటే రేపట్నించి నేనే ఎక్కొస్తా."

దించి పెట్టాను. గిటారాయన ఏమీ అడక్కుండా తీగలు వదులు చేసుకున్నాడు.

మంటపం నిండింది. ముందు వరసల్లో మగ్గాలవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, అందరివీ పట్టుచీరలే. అక్క మైకు ముందుకొచ్చింది. నా వేలు కీ మీద పెట్టలేదు, పైన గాలిలో పెట్టుకున్నాను.  ట్యూనింగు సరిగ్గా దించానా, స్టేజీ మీదికి తెచ్చేటప్పుడు స్విచ్చి ఆపి మళ్లీ వేస్తే సున్నాకు పోయి ఉంటుందా అని అప్పుడే అనుమానం వచ్చింది. చూసుకోవడానికి వీల్లేదు, ఆమె పాదం అందుకుంది. శ్రుతిపెట్టె లేదు, వాద్యం లేదు. గొంతు ఒక్కటే వెళ్లి, పాదం చివర ఒక చోట నిలబడింది.

కొట్టాను.

కలిసింది. అచ్చం పాత గిన్నెలా ఉందా అంటే, లేదు. కంచు కాదది, కొత్త స్టీలు. నాలుగు రోజులైతే ఇంకా దగ్గరికి తెచ్చేవాణ్ణని నా చెవి గునుస్తూనే ఉంది. కానీ శబ్దం నిలకడగా, ఉయ్యాల లేకుండా, గొంతు నిలబడిన చోటే నిలబడింది. ముందు వరసలో ఒకామె పక్కామెతో మాట్లాడుతున్నది ఆపి స్టేజీ వైపు చూసింది. అక్క మెడ తిరగలేదు. రెండో పాదం అందుకుని, నేను వెనక ఉన్నానో లేనో పట్టనట్టు పాడుకుంటూ పోయింది.

ప్రార్థన పాట అయ్యాక మైకు మాస్టరుకు ఇవ్వాలి. ఆయన అందరికీ స్వాగతం చెబుతారు, ఆ తర్వాత పట్టీ ప్రకారం వేరే పాట. ఆయన లేచి వచ్చి చెయ్యి చాచారు. అక్క చూసింది. మైకు ఇవ్వలేదు. జనం వైపు తిరిగి, వాళ్లకు ఇష్టమైన పాట పేరు ఒకటి తనే చెప్పింది. అది పట్టీలో లేదు. దానికి నేను ఏ నంబరు శబ్దం నొక్కాలో తెలియక తెర మీద తడుముకుంటుండగానే ఆమె మొదలుపెట్టేసింది. మాస్టరు చాచిన చెయ్యి కాసేపు అట్లాగే ఉంది. తర్వాత ఆ చెయ్యి కిందికి దిగి, పంచె మీద తాళం వేయడం మొదలుపెట్టింది.